బెంగళూరు చలికి బంబుల్‌బీలు చచ్చిపోతాయా?

"బాల్కనీలో నల్లగా, లావుగా జుమ్మంటూ తిరిగే బంబుల్‌బీలు డిసెంబర్‌లో పొద్దున్నే కనిపించడం లేదు, చలికి చచ్చిపోతాయా?" అని అడిగారు. మీరు చూసింది తుమ్మెద అండీ. బంబుల్‌బీలు మన దేశంలో హిమాలయాల వైపు ఉంటాయి. వాటికి పొట్ట మీద కూడా బొచ్చు దట్టంగా ఉంటుంది. మన తుమ్మెద పొట్ట నున్నగా, నూనె రాసినట్టు మెరుస్తుంది.

నేనూ ఇలాగే పొరబడ్డాను. మారతహళ్ళిలో మా బాల్కనీకి నీడ కోసం వెదురు బొంగులు కట్టించా. కొన్నాళ్ళకు నేల మీద రోజూ ఒకే చోట చిటికెడు పచ్చటి పొట్టు రాలుతోంది. చెద పట్టిందేమోనని టెన్షన్. అనంతపురం నుంచి వచ్చిన మా అమ్మ పైకి చూసి, "చెదా లేదు, గిదా లేదు. తుమ్మెద రా. మన పాతింటి వాసాలకు ఎన్ని బొక్కలుండేవో మర్చిపోయావా?" అంది. బొంగు అడుగున డ్రిల్లుతో వేసినంత గుండ్రటి బొక్క, చిటికెన వేలు దూరేంత.

డిసెంబర్‌లో ఓ రోజు ఆరున్నరకి టార్చి వేసి చూశా. లోపల ఒకటి కదలకుండా ఉంది. తొమ్మిది దాటి ఎండ పడ్డాక అంచు దాకా పాక్కుంటూ వచ్చి, రెక్కలు కాసేపు ఆడించి ఎగిరిపోయింది. బెంగళూరు చలికి ఇలా ఎండ కోసం ఆగితే చాలు. ఇక్కడ ఇప్పటిదాకా నమోదైన కనిష్ఠం 7.8 డిగ్రీలు, అదీ 1884 జనవరిలో.

అసలు బంబుల్‌బీల తిప్పలు వేరు. ఆఫీసు పని మీద ఓ చలికాలం ఇంగ్లాండులో ఉన్నప్పుడు, అద్దింటి పెరట్లో కుండీ జరిపితే కింద మట్టిలో ఉసిరికాయంత గుంట, అందులో ముడుచుకుని ఒకటి. చచ్చిందనుకున్నా. ఇంటావిడ పరుగున వచ్చి మట్టి కప్పించింది. అది రాణి.

చలి ముదిరేసరికి పాత రాణి, కూలి ఈగలు, పోతుటీగలు అన్నీ పోతాయి. ఆ ఏడు పుట్టి జతకట్టిన కొత్త రాణులే మిగులుతాయి. అవి తేనెటీగల్లా తేనె దాచుకుని గుంపుగా ఉండవు. ఒంట్లో కొవ్వు పట్టించుకుని, ఒక్కొక్కటీ నేలలో కొన్ని అంగుళాల లోతున దూరుతుంది. ఎక్కువగా ఉత్తరం వైపు గట్లు చూసుకుంటాయి, చలికాలపు ఎండ తగిలి తొందరపడి లేవకుండా. ఒంట్లో గ్లిజరాల్ లాంటివి చేరి, కారులో పోసే కూలెంట్‌లా లోపలి నీరు గడ్డకట్టనివ్వవు. ఇలా ఆరు నుంచి తొమ్మిది నెలలు! దక్షిణ ఇంగ్లాండులో మాత్రం ఒక జాతి ఇప్పుడు చలికాలంలోనూ గూడు నడుపుతోంది.

నాకు బాగా నచ్చింది ఇంకోటి. కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయంలో ఫ్రిజ్‌లో నిద్రపోతున్న రాణుల సీసాల్లోకి పొరపాటున నీళ్ళు చేరాయి. పోయాయనుకుని నీళ్ళు వంపేస్తే అవి కదిలాయి. తర్వాత కావాలనే ముంచి చూస్తే, వారం రోజులు నీళ్ళలో ఉన్నవీ చాలావరకు బతికాయి. 2024లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి.

ఎండలు రాగానే రాణి వణికి ఒళ్ళు వేడెక్కించుకుని లేస్తుంది. ఏ ఎలుకో వదిలేసిన బొరియ వెతుక్కుని, మైనంతో చిన్న కుండ కట్టి తేనె పోసుకుని, గుడ్ల మీద కోడిపెట్టలా పొదుగుతుంది.

మీ తుమ్మెదల్ని మాత్రం తరమకండి. చేత్తో పట్టుకుంటే తప్ప కుట్టవు, అదీ ఆడవే. వంగ, టమాటా పూలను జుమ్మని అదిరించి పుప్పొడి రాల్చేది ఇలాంటివే, తేనెటీగలకు ఆ విద్య రాదు. మా బొంగు అక్కడే ఉంది. ఆరేసిన బట్టల మీద పొట్టు పడుతోందని మా ఆవిడ తీగను ఇంకో మూలకి మార్పించింది, అంతే.