గీత చీలుతుందా, విడిపోతుందా?

సందేహం: ప్లాస్మా (ఎలక్ట్రాన్లు, అయాన్లుగా విడిన వాయువు) వెలుగును బట్టి అందులోని విద్యుత్ క్షేత్రాన్ని కొలిచే పద్ధతి మీద వ్యాసం రాస్తూ ‘విద్యుత్ క్షేత్రం చేత హైడ్రోజన్ గీత చీల్చబడుతుంది’ అన్నాను. (గీత అంటే వెలుగును రంగులుగా విడదీసిన వర్ణపటంలో కనిపించే సన్నని గీత.) మిత్రుడు ‘విడిపోతుంది’ అని దిద్దాడు. ఏది సరైంది? వాయువు గుండా విద్యుత్తు పారడాన్ని ‘విద్యుత్ ఉత్సర్గం’ అని విడదీసి రాయవచ్చా?

సమాధానం: ముందు ఆ ‘బడు’ను తీసేయండి. గొడ్డలి కట్టెను చీలుస్తుంది, కట్టె చీలుతుంది. ‘చీలు’ అనే క్రియ చేతిలో ఉండగా ‘చీల్చబడు’ ఎందుకు? ‘చేత’ కూడా అక్కడ ఇమడదు. క్షేత్రం కారణం కాబట్టి ‘వల్ల’ చాలు: ‘విద్యుత్ క్షేత్రం వల్ల గీత చీలుతుంది.’

అలాగని మీ మిత్రుడి మాటను కొట్టిపారేయలేను. విడిపోవాలంటే అంతకుముందు కలిసి ఉండాలి. ఒక్కటే ఉన్నది దేన్నుంచి విడిపోతుంది? హైడ్రోజన్ పరమాణువులో దాదాపు ఒకే శక్తి ఉన్న స్థితులు కొన్ని ఒకే స్థాయిలా కనిపిస్తాయి. క్షేత్రం తగిలితే వాటి శక్తులు వేరవుతాయి. అక్కడ ‘విడిపోతాయి’ అనడమే బాగుంటుంది. వర్ణపటంలో మనకు కనిపించేది మాత్రం చీలిక. కాబట్టి స్థితులు విడిపోతాయి, గీత చీలుతుంది.

చీలిన ముక్కలకు ‘పాయలు’ అనే మాట వాడి చూడండి. 1913లో జర్మనీలో జొహానెస్ స్టార్క్, ఇటలీలో అంతోనినో లో సుర్దో ఈ చీలికను విడివిడిగా గమనించారు. లో సుర్దో చూసింది వాయువు నింపిన గొట్టంలో కేథోడ్ (రుణ ధ్రువం) ముందుండే ప్రాంతాన్ని. క్షేత్రం అక్కడ బలంగా ఉండి, దూరం వెళ్లేకొద్దీ తగ్గుతుంది. అందుకే కేథోడ్ వైపు గీత పాయలుగా విచ్చుకుని, అవతలి వైపు పాయలన్నీ దగ్గరపడి ఒక్కటవుతాయి. హైడ్రోజన్‌లో క్షేత్రం రెట్టింపైతే పాయల మధ్య ఎడమూ రెట్టింపవుతుంది. ఆ ఎడం కొలిస్తే క్షేత్రం తెలిసినట్టే. లోపలికి కడ్డీ దూర్చి ప్లాస్మాను చెదరగొట్టే పని లేదు.

ఇంకో చిక్కు ‘జరుగు’తో వస్తుంది. చాలా ఇతర పరమాణువుల్లో, క్షేత్రం బలహీనంగా ఉన్నప్పుడు, గీత ఉన్నచోటి నుంచి కాస్త కదులుతుంది. క్షేత్రం రెట్టింపైతే కదలిక నాలుగింతలు. దాన్ని ఉత్త ‘జరిగింది’ అంటే ఏం జరిగిందని అడుగుతారు! ‘పక్కకు జరిగింది’ అనండి. చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్లు, అయాన్ల క్షేత్రాల వల్ల గీత మందమైతే ‘వెడల్పయింది’ అనాలి, చీలిక అనకూడదు.

ఇక సంధి. విద్యుత్ + ఉత్సర్గం జశ్త్వ సంధితో (అచ్చు ముందు త్ ద్‌గా మారి) ‘విద్యుదుత్సర్గం’ అవుతుంది, ‘విద్యుదావేశం’ లాగా. ‘విద్యుత్ క్షేత్రం’లో త్ తర్వాత వచ్చేది క కాబట్టి మార్పు లేదు. (మా వ్యాకరణంలో ఉత్సర్గమంటే అపవాదానికి, అంటే మినహాయింపుకు, ఎదురైన సాధారణ సూత్రం, మీ పాఠకులకు ఆ గొడవ లేదు.) విడదీసి రాసినా ఇవాళ ఎవరూ తప్పు పట్టరు. కానీ మొదటి పేజీలో ఒకలా, మూడో పేజీలో ఇంకోలా రాస్తే అవి రెండు వేర్వేరు విషయాలనుకుంటారు.