అడవిలో నడవాలంటే ఎటు వెళ్లాలి?

ప్రశ్న: మాది హనుమకొండ. సెలవుల్లో పిల్లలను గైడ్‌తో అడవిలో నడిపించాలని ఉంది. పులి కనిపించే చోటు చెప్తారా?

జవాబు: పులి సంగతి పక్కన పెట్టండమ్మా. కవ్వాల్‌ను 2012లో టైగర్ రిజర్వ్‌గా ప్రకటించారు, నిజమే. కానీ జన్నారం వైపు వెళ్లినవాళ్లు ఎక్కువగా చూసేది దుప్పులను, నీల్గాయిలను. అక్కడ సఫారీ జీపులోనే. నడక కావాలంటే అటవీ శాఖవాళ్లను ముందే అడగాలి.

పిల్లలతో మొదటిసారి అయితే నేను పాకాలకే ఓటేస్తాను. గణపతిదేవుడి కాలం నాటి చెరువు, చుట్టూ అడవి. నీళ్లున్న చోటికి జంతువులే వస్తాయి, మనం వెతుక్కుంటూ తిరగక్కర్లేదు. చలికాలంలో పక్షులు బాగుంటాయి. కాస్త అలవాటయ్యాక తాడ్వాయి, ఏటూరునాగారం అడవులు.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో టేకు ఆకు రాలి దూరం దాకా కనిపిస్తుంది. ఇప్పపూలు రాలే రోజుల్లో మాత్రం తెల్లవారుజామున ఆ చెట్ల కిందికి పోవద్దు, ఎలుగుబంట్లు వస్తాయి. పొద్దున్నే బండిబాటలో మెత్తటి దుమ్ము మీద వంగి చూడండి. అడుగు ముందు గోళ్ల గుర్తులుంటే కుక్కో నక్కో. లేకుంటే పిల్లి జాతిది. తవ్వేసిన చెదపుట్ట కనిపిస్తే అది ఎలుగుబంటి పనే కావచ్చు. మా మేనల్లుడికి ఈ ఆట పట్టుకున్నాక ఫోన్ అడగడం మానేశాడు.

గైడ్‌గా ఆ ఊరి కోయ యువకుడు దొరికితే వదలకండి. ఎర్రచొక్కాలు, సెంట్లు వద్దు.