పాత పాటలు, కొత్త డిస్కు

మీ ప్రశ్నలు – మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ బెంగళూరు నుంచే. అడిగినవి వేర్వేరైనా అన్నీ ఒకే డిస్కు చుట్టూ తిరిగాయి: బ్రిటిష్ రాక్ బ్యాండు రోలింగ్ స్టోన్స్ 2002లో తెచ్చిన పాటల సంకలనం ‘ఫార్టీ లిక్స్’. అందుకని పేజీ మొత్తం దానికే ఇచ్చేశాం.

ప్రశ్న: చర్చ్ స్ట్రీట్‌లో పాత ‘ఫార్టీ లిక్స్’ రెండు సీడీల సెట్ చూశానండీ. కొందామంటే మా తమ్ముడు ‘హాంక్’ తీసుకో, అది కొత్తది అంటున్నాడు. స్నేహితుడేమో ‘హాట్ రాక్స్’ చాలంటాడు. వీటిలో తేడా ఏమిటి? – మారతహళ్ళి పాఠకుడు

తేడా అంతా పాటలు ఎవరి సొత్తు అన్న దగ్గరే ఉంది. 1960ల నాటి స్టోన్స్ రికార్డింగుల హక్కులు వాళ్ళ అప్పటి మేనేజర్ అలెన్ క్లైన్ కంపెనీ ఆబ్కో చేతికి పోయాయి. 1971 నుంచి సొంత లేబుల్ మీద చేసినవి బ్యాండు దగ్గరే ఉన్నాయి. దాంతో మూడు దశాబ్దాల పాటు ఏ సంకలనం కొన్నా సగం కథే దొరికేది. 1971 చివర్లో వచ్చిన ‘హాట్ రాక్స్’ ఆబ్కో వాళ్ళది. 21 పాటలు, ఒక్కటీ తీసిపారేసేది లేదు, కానీ 1971 దగ్గర ఆగిపోతుంది. ‘ఆంజీ’, ‘మిస్ యూ’, ‘స్టార్ట్ మీ అప్’ అందులో ఉండవు. 2019లో వచ్చిన ‘హాంక్’ దీనికి సరిగ్గా ఎదురు. 1971లో మొదలై 2016 దాకా వస్తుంది, రెండు సీడీల్లో 36 పాటలు. స్టూడియోలో చేసిన ‘సాటిస్‌ఫాక్షన్’ కోసం అందులో వెతికితే దొరకదు.

బ్యాండు నలభై ఏళ్ళ పండక్కి ఆ రెండు వైపులూ ఒప్పందానికి వచ్చి మొదటిసారి ఒకే పెట్టెలో పెట్టిన సంకలనం ‘ఫార్టీ లిక్స్’. దాని విలువంతా అందులోనే ఉంది. మొదటి డిస్కు దాదాపు పూర్తిగా 1960లది, రెండోది ఆ తర్వాతిది, ఒక్కోదాంట్లో 20 పాటలు.

ఒక సంగతి గమనించండి. ‘బ్రౌన్ షుగర్’, ‘వైల్డ్ హార్సెస్’ రెండూ 1971 ఆల్బమ్‌లోవే అయినా ‘హాట్ రాక్స్’లోనూ ఉంటాయి, ‘హాంక్’లోనూ ఉంటాయి. వాటిని అలబామాలోని మజిల్ షోల్స్‌లో రికార్డు చేసింది 1969 డిసెంబరులో. అప్పటికి పాత రికార్డు కంపెనీతో ఒప్పందం ఇంకా నడుస్తోంది. అందుకే ఆ రెంటి మీదా ఇద్దరికీ హక్కుంది. ‘ఫార్టీ లిక్స్’లో ఒకటి మొదటి డిస్కులో, రెండోది రెండో డిస్కులో కూర్చుంది.

2012లో యాభై ఏళ్ళకు వచ్చిన ‘గ్ర్‌ర్!’ కూడా రెండు కాలాలనూ కలిపిందే. మూడు సీడీల సెట్‌లో 50 పాటలు, దాదాపుగా ఏళ్ళ క్రమంలో ఉంటాయి. ఆఖర్న ‘డూమ్ అండ్ గ్లూమ్’, ‘వన్ మోర్ షాట్’ అనే రెండు కొత్తవి. మొట్టమొదటిసారి స్టోన్స్ వినేవాళ్ళకు క్రమం ముఖ్యం అనుకుంటే అది మేలు. కానీ ‘ఫార్టీ లిక్స్’ కోసం 2002లో పారిస్‌లో చేసిన నాలుగు కొత్త పాటల్లో అన్నిటికంటే మంచిదైన ‘లూజింగ్ మై టచ్’ ఆ 50లో లేదు. గిటారిస్టు కీత్ రిచర్డ్స్ గొంతు తగ్గించి, తొందర లేకుండా పాడిన పాట అది. మిగతా మూడింటిలో ‘డోంట్ స్టాప్’ పర్వాలేదు. ‘కీస్ టు యువర్ లవ్’, ‘స్టీలింగ్ మై హార్ట్’ ఉన్నాయంటే ఉన్నాయి. ‘లూజింగ్ మై టచ్’ కోసమైనా సెట్ కొనమనే మా సలహా.

కొనేముందు ఒక లోపం తెలిసి ఉండాలి. రెండో డిస్కులో చోటు సరిపోక కొన్ని పాటల్ని కత్తిరించిన సింగిల్ (విడి పాటగా విడుదల చేసిన) రూపంలో పెట్టారు. ‘మిస్ యూ’ ఆల్బమ్‌లో 4:48 ఉంటే ఇక్కడ మూడున్నర నిమిషాలే. ‘ఎమోషనల్ రెస్క్యూ’ ఆల్బమ్‌లో 5:39, ఇక్కడ నాలుగు నిమిషాలైనా లేదు. ‘ఇట్స్ ఓన్లీ రాక్ అండ్ రోల్’కీ నిమిషం కోత పడింది. ఈ మూడింటినీ అసలు ఆల్బమ్‌లలోంచి విడిగా వినాల్సిందే. ‘యూ కాంట్ ఆల్వేస్ గెట్ వాట్ యూ వాంట్’ మాత్రం మొదట్లోని బృందగానంతో సహా ఏడున్నర నిమిషాలూ ఉంది. అదొక్కటి చాలు మొదటి డిస్కు నిండుగా అనిపించడానికి.

ప్రశ్న: పాత సీడీ కొనేటప్పుడు ఏం చూడాలి? అన్ని గీతలూ ప్రమాదమేనా? – కె.ఆర్.పురం పాఠకురాలు

కాదు. ముందు డిస్కును తిరగేసి లేబుల్ వైపు చూడండి. పాటల సమాచారం ఉన్న అల్యూమినియం పొర ఆ వైపే, అచ్చు వేసిన రంగు కింద పలచటి లక్క పూత చాటున ఉంటుంది. అక్కడ గుచ్చుకుంటే పాట పోయినట్టే, ఏ పాలిష్ కూడా తిరిగి తేలేదు. డిస్కును ట్యూబులైటుకి అడ్డంగా పట్టుకుని లేబుల్ వైపు నుంచి చూడండి. సూదిమొన అంత వెలుగు చుక్కలు కనబడితే పొర లేచినట్టు. ఒకటి రెండైతే ప్లేయరు సర్దుకుంటుంది, గుంపుగా ఉంటే వదిలేయండి.

మెరిసే వైపు గీతల్లో, మధ్యలోంచి అంచుకి నిలువుగా పోయే గీత అంత హాని చేయదు. లేజరు దాన్ని అడ్డంగా దాటి వెళ్ళిపోతుంది, పోయిన కొంచెం సమాచారాన్నీ ప్లేయరులోని తప్పుల సవరణ పూడ్చుకుంటుంది. గుండ్రంగా, పాట దారి వెంటే పడ్డ గీత చెడ్డది. లేజరు ఎక్కువసేపు దాని వెంటే నడుస్తుంది కాబట్టి సవరణకు అందనంత సమాచారం ఒకేచోట పోతుంది. సీడీని గుండ్రంగా తుడవకూడదనేదీ ఇందుకే. మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో మధ్య నుంచి అంచుకి నిటారుగా తుడవాలి. జిడ్డుంటే డిస్టిల్డ్ వాటర్‌లో రెండు చుక్కల గిన్నెల సబ్బు చాలు. థిన్నరు, నెయిల్ పాలిష్ రిమూవరు దగ్గరికి రానివ్వొద్దు, ప్లాస్టిక్ మసకబారిపోతుంది.

ఈ సెట్‌కి ప్రత్యేకంగా మరో పరీక్ష. సీడీ లోపలి నుంచి బయటికి చదువుతుంది. ఇందులో రెండు డిస్కులూ 70 నిమిషాలు దాటినవే కాబట్టి పాటలు అంచు దాకా వెళ్తాయి. వేళ్ళు తగిలేదీ, పెట్టెలోంచి లాగేటప్పుడు రాసుకునేదీ ఆ అంచే. కాబట్టి కొట్లో ప్లేయరుంటే మొదటి పాట పెట్టి తృప్తిపడకండి. రెండో డిస్కులో 19, 20 పాటలు పెట్టండి, మొదటి డిస్కులో ‘లెట్స్ స్పెండ్ ది నైట్ టుగెదర్’ పెట్టండి. టిక్కుటిక్కుమన్నా, ఆగి ఆగి నడిచినా చెడింది అక్కడే. కింది వైపు ఆకుపచ్చగానో నీలంగానో కనబడితే అది కంపెనీ ముద్రించింది కాదు, ఇంట్లో రాసుకున్న కాపీ. ముద్రించిన సీడీ వెండిలా ఉంటుంది, మధ్య రంధ్రం చుట్టూ చిన్న అక్షరాలూ, ‘ఐఎఫ్‌పిఐ’తో మొదలయ్యే సంకేతమూ ఉంటాయి.

ప్రశ్న: ఈ ఆల్బమ్ టూర్‌లోనే వాళ్ళు బెంగళూరు వచ్చారంటారు, నిజమేనా? – మడివాళ పాఠకుడు

నిజమే. ‘లిక్స్’ టూర్‌లో 2003 ఏప్రిల్ 4న ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాయించారు. మూడు రోజుల తర్వాత, ఏప్రిల్ 7న, ముంబైలో.

ప్రశ్న: మొదటి డిస్కులో కొన్ని పాటలు ఒకేచోట ముద్దగా వినబడతాయి, రెండో డిస్కు పెట్టగానే శబ్దం మీద పడుతుంది. నా హెడ్‌ఫోన్ తప్పా? – ఆర్.టి.నగర్ పాఠకుడు

హెడ్‌ఫోన్ బాగానే ఉండి ఉంటుంది. 1960ల మధ్యలో సింగిల్స్‌ని మోనోలోనే, అంటే రెండు చెవులకూ ఒకే శబ్దం వెళ్ళేలా, మిక్స్ చేసేవారు, ఎందుకంటే అవి రేడియోలోనూ చిన్న రికార్డు ప్లేయర్లలోనూ వినడానికే. ‘సాటిస్‌ఫాక్షన్’లో గిటారు ఫజ్, డోలు, గొంతు అన్నీ నడినెత్తి మీద ఒక్కచోటే వినబడటం సహజం, అలా వింటేనే ఆ పాటకు బలం. ఫోన్లో ‘3డి’, ‘సరౌండ్’ లాంటివి వేసి ఉంటే తీసేయండి, మోనో పాటను అవి బోలుగా చేస్తాయి.

అనుమానం తీరాలంటే కంప్యూటర్లో శబ్దాన్ని ఎడిట్ చేసే ఆడాసిటీ ప్రోగ్రాము తెరిచి పాటను వేయండి. ట్రాక్ మెనూలో ‘స్ప్లిట్ స్టీరియో టు మోనో’ నొక్కితే రెండు వరసలవుతాయి. ఒక వరసను మాత్రమే ఎంచుకుని ఎఫెక్ట్స్‌లో ‘ఇన్‌వర్ట్’ చేసి, రెంటినీ కలిపి ప్లే చేయండి. ఒకటి రెండోదాన్ని కొట్టేసి పూర్తి నిశ్శబ్దం వస్తే మోనో. ఏదైనా మిగిలి వినబడితే స్టీరియో.

శబ్దం మీద పడటానికి కారణం వేరు. 1990ల నాటి రికార్డింగులూ, 2002లో డిస్కు కోసం చివరిగా శబ్దం సరిచేసిన మాస్టరింగూ పెద్ద చప్పుడుకూ చిన్న చప్పుడుకూ మధ్య ఎడం తగ్గించి మొత్తాన్ని పైకెత్తాయి. ‘గిమ్మీ షెల్టర్’ పెట్టి మూడో నిమిషం దగ్గర తోడు పాడిన గాయని మెరీ క్లేటన్ గొంతు చీలే చోటు వినండి. ఆమె ఒక్కసారి పైకి లేస్తే చుట్టూ ఖాళీ కనబడుతుంది. ‘యూ గాట్ మీ రాకింగ్’లో ఆ ఖాళీ లేదు, అంతా ఒకే ఎత్తు. దీనికి చేయగలిగింది ఒకటే: కంప్యూటర్లో ఫుబార్2000 లాంటి ప్లేయర్లో, పాటల చప్పుడును కొలిచి సమం చేసే రీప్లేగెయిన్ స్కాన్ చేసి, 40 పాటలకూ ట్రాక్ గెయిన్ పెట్టుకోండి. అది పాటను మార్చదు, ఎంత వాల్యూమ్‌లో వాయించాలో ఫైలు ట్యాగులో రాసి పెడుతుంది, అంతే.

ప్రశ్న: ఆఫీసుకెళ్ళే దారిలో కారులో వినాలి. పెన్ డ్రైవ్‌లో వేస్తే పాటలు అడ్డదిడ్డంగా వస్తున్నాయి, కొన్ని అసలు రావు. – వైట్‌ఫీల్డ్ పాఠకురాలు

లాప్‌టాప్‌కి డ్రైవ్ లేకపోతే ఎస్పీ రోడ్డులో యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ దొరుకుతుంది. దాన్ని హబ్‌కి కాక నేరుగా లాప్‌టాప్‌కే గుచ్చండి. కరెంటు చాలకపోతే డిస్కు తిరగబోయి టక్కుటక్కుమని ఆగిపోతుంది, జనం డిస్కు పాడైందనుకుంటారు. విండోస్‌లో సీడీ పాటల్ని ఫైళ్ళుగా తీసే ఎగ్జాక్ట్ ఆడియో కాపీ ప్రోగ్రామును ‘సెక్యూర్’ మోడ్‌లో పెట్టి, నాణ్యత తగ్గని ఫ్లాక్ ఫైళ్ళుగా తీసుకోండి. చివర్లో వచ్చే లాగ్‌లో ‘యాక్యురేట్‌లీ రిప్డ్’ అని ఉంటే మీ కాపీ ఇతరుల కాపీలతో సరిపోయినట్టు. ‘సస్పీషియస్ పొజిషన్’ అంటే ఆ చోట డిస్కు తుడిచి, వేగం తగ్గించి మళ్ళీ తీయాలి. రెండు డిస్కులూ ఫ్లాక్‌లో సుమారు 1 జీబీ, 320 కేబీపీఎస్ ఎంపీ3లో 360 ఎంబీ దాకా అవుతాయి.

పాటలు రాకపోవడానికి రెండు కారణాలు. చాలా కారు సెట్లు ఫ్లాక్ చదవవు, వాటికి ఎంపీ3 చేసివ్వాలి. పాత సెట్లు ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన డ్రైవ్‌నీ గుర్తించవు. 32 జీబీ లోపు పెన్ డ్రైవ్ కొని ఫ్యాట్32గా ఫార్మాట్ చేయండి. వరస తప్పడానికి కారణం, కొన్ని సెట్లు పేరును కాక కాపీ అయిన క్రమాన్ని చూడటం. ఫైలు పేర్ల ముందు 01 నుంచి 40 దాకా వేసి, డ్రైవ్ ఖాళీ చేసి, వరసగా ఒక్కొక్కటే కాపీ చేయండి.

ఎలాగూ నంబర్లు వేస్తున్నారు కదా, డిస్కు వరసను పక్కన పెట్టి ఏళ్ళ వరసలో వేసుకోండి. మొదటి డిస్కు 1968 పాటతో మొదలై 1969కి, అక్కణ్ణుంచి 1965కి గెంతుతుంది. సరిచేస్తే 1964 నాటి ‘నాట్ ఫేడ్ అవే’, ‘ఇట్స్ ఆల్ ఓవర్ నౌ’ ముందు వస్తాయి. తర్వాత 1965లోని ‘ది లాస్ట్ టైమ్’, ‘సాటిస్‌ఫాక్షన్’, ‘గెట్ ఆఫ్ ఆఫ్ మై క్లౌడ్’. 1966లో ‘పెయింట్ ఇట్ బ్లాక్’ దగ్గరికి వచ్చేసరికి బ్యాండులోని బ్రయన్ జోన్స్ వాయించిన సితార్ మోగుతుంది. ఏడాదిలో ఈ కుర్రాళ్ళు ఎంత దూరం వచ్చారో అప్పుడు చెవికి తెలుస్తుంది. అసలు వరసలో ఆ పాట 17వది, ఆ వింత అక్కడ తెలియనే తెలియదు.

ప్రశ్న: రెండేళ్ళుగా గిటార్ నేర్చుకుంటున్నాను. ‘స్టార్ట్ మీ అప్’ తీగలన్నీ సరిగ్గానే నొక్కుతున్నా ఆ శబ్దం రావడం లేదు. – జయనగర్ విద్యార్థి

మామూలు శ్రుతిలో అది రాదు. కీత్ రిచర్డ్స్ ఈ పాటకూ, ‘బ్రౌన్ షుగర్’కీ ఓపెన్ జి శ్రుతి (ఏమీ నొక్కకుండా మీటినా జి కార్డ్ పలికేది) వాడాడు, అదీ ఐదు తీగలతోనే. లావుపాటి ఆరో తీగ తీసేయండి, లేదా ముట్టుకోకండి. ఐదోది ఎ నుంచి జికి, ఒకటోది ఇ నుంచి డికి దించండి, రెండూ రెండేసి మెట్లు. మిగతా మూడింటినీ కదపొద్దు. లావు తీగ నుంచి జి, డి, జి, బి, డి అవుతుంది. ఐదో తీగ 12వ మెట్టు హార్మోనిక్ (నొక్కకుండా తాకి మీటితే పలికే స్వరం) మూడో తీగతో, నాలుగోదాని 12వ మెట్టు హార్మోనిక్ ఒకటో తీగతో కలిస్తే శ్రుతి కుదిరినట్టు.

చూపుడు వేలు 5వ మెట్టు మీద ఐదు తీగలకూ అడ్డంగా వేస్తే సి. వేలు అలాగే ఉంచి నడిమి వేలు రెండో తీగ 6వ మెట్టులో, ఉంగరం వేలు నాలుగో తీగ 7వ మెట్టులో పెడితే ఎఫ్. ఈ రెండు వేళ్ళూ పెట్టి తీయడమే ఆ పాట ప్రాణం. తర్వాత ఆ రెండు వేళ్ళూ తీసి, అడ్డంగా వేసిన చూపుడు వేలును 3వ మెట్టుకు జరిపితే బి ఫ్లాట్. ఎఫ్ వాయించేటప్పుడు సన్న తీగను మీటకండి, అనవసరపు స్వరం చేరుతుంది.

రెండు చోట్ల తేడా వస్తుంది. 0.009 అంగుళాల తీగలైతే దించాక వదులై మెట్ల మీద జిర్రుమంటాయి, 0.010 లేదా 0.011 వేయండి. దించిన తీగ పాట మధ్యలో జారిపోతుంటే, కావలసినదానికంటే కొంచెం కిందికి దించి మళ్ళీ పైకి బిగించుతూ శ్రుతికి రండి. అప్పటికీ నట్ (గిటార్ తల దగ్గర తీగలు ఆనే పట్టీ) గాడిలో చిక్కుకుని ‘టింగ్’మంటే పెన్సిల్ మొన ఆ గాడిలో రుద్దండి. ఇది వచ్చాక ‘టంబ్లింగ్ డైస్’కి వెళ్ళొచ్చు. శ్రుతి అదే, 4వ మెట్టులో కాపో (తీగలన్నిటినీ నొక్కి ఉంచే క్లిప్పు) పెట్టాలి.