చిన్న ఊళ్ళో రాజకీయ హత్య జరిగితే డాక్టరు దర్యాప్తు చేయగలడా?

మీ ప్రశ్న ఇది: ఒడిశా సరిహద్దు ఊళ్ళో కథ, పంచాయతీ ఎన్నికల వేళ హత్య, అక్కడి గవర్నమెంటు డాక్టరే హంతకుణ్ణి పట్టుకుంటాడు, ఇది నమ్మేలా ఉంటుందా అని. సగం ఉంటుంది. రెండో సగం నేను ఒకసారి చేసి దెబ్బతిన్నాను.

2017 ఫిబ్రవరిలో ఒడిశాలో పంచాయతీ ఎన్నికలు. నేను గజపతి జిల్లాలో ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో ఉన్నాను. ఇక్కడ సర్పంచికి, వార్డు మెంబరుకి, సమితి మెంబరుకి పార్టీ గుర్తులు ఉండవు, జిల్లా పరిషత్తుకి మాత్రమే ఉంటాయి. అది కాగితం మీద. ఎవరు ఎవరి మనిషో ఊళ్ళో పాలు పోసేవాడికి కూడా తెలుసు. పోలింగు ఇంకా నాలుగు రోజులుందనగా ఒక సాయంత్రం ట్రాక్టరులో శవాన్ని తెచ్చారు. నలభై ఏళ్ళ మనిషి, ఒక సర్పంచి అభ్యర్థికి కుడిభుజం. జీడితోటలో పశువుల పలుపుతో ఉరేసుకున్నాడట. ఊరివాళ్ళే దించేసి ముడి విప్పేశారు. ముడి విప్పకూడదు బాబూ, ముడికి దూరంగా తాడు కోయాలి అని ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

"చీకటి పడకముందే కానిచ్చేయండి" అన్నారు. పొద్దు వాలుతోంది, ఉదయం చేస్తానన్నాను. (2021 నవంబరు నుంచి సౌకర్యాలున్న చోట రాత్రి కూడా పోస్ట్‌మార్టం చేయొచ్చన్నారు గానీ, హత్య, ఆత్మహత్య, అనుమానం ఉన్న కేసులకు అది సాధారణంగా వర్తించదు. కథలో అర్ధరాత్రి కోత పెట్టకండి.) రాత్రి తొమ్మిదింటికి ఫోన్ వచ్చింది. "డాక్టరు బాబూ, అప్పులపాలైపోనాడు పాపం. ఏటి రాస్తారో సూసి రాయండి, ఎన్నికలు గొడవ లేకుండా అయిపోవాల." బెదిరింపు ఒక్క ముక్క లేదు. ఇక్కడ పెద్దమనుషులు ఇలాగే మాట్లాడతారు.

ఉదయం అతని భార్య మార్చురీ గుమ్మం దగ్గర నిలబడి ఉంది. "పీక మీద గోరు గీతలున్నాయి బాబూ, నేను సూసినాను" అంది. నా చేతిలో ఉన్న శవపంచనామా ఒడియాలో ఉంది. ఆమె చెప్పినట్టుగా అందులో రాసింది 'బేకరె దాగ' అని, అంటే మెడ మీద మచ్చ అని. అడిగినవాడు ఒడియాలో అడిగాడు, ఆమె తెలుగులో చెప్పింది, మధ్యలో గోరు జారిపోయింది. గిడుగు రామమూర్తి గారు పంతులుగా పనిచేసిన పర్లాకిమిడి ఉన్న జిల్లా ఇది. వాడుక మాటకి ఎంత బరువుంటుందో నాకు ఆ రోజు తెలిసింది. మీ డాక్టరు తెలుగువాడైతే అది పనికొచ్చే చోటు ఇదే.

ఇక బల్ల దగ్గర. ఉరి గుర్తు గొంతు బుడిపె పైన, ఏటవాలుగా, చెవి వైపు ఎక్కుతూ పుస్తకంలో ఉన్నట్టే ఉంది. చచ్చాక వేలాడదీసినా అలాంటి గుర్తే పడుతుంది, చాలామంది అక్కడే మోసపోతారు. బతికుండగా వేలాడితే సాధారణంగా నోటి మూల నుంచి చొల్లు కారిన చార ఉంటుంది, ఇతనికి లేదు. వేలాడిన మనిషికి నెత్తురు దిగి పడే మచ్చలు కాళ్ళల్లో, చేతుల చివర్లలో ఉండాలి. ఇతనికి వీపంతా ఉన్నాయి. అయితే దీన్ని లాయరు తేలిగ్గా కొట్టేస్తాడు, ట్రాక్టరులో వెల్లకిలా తెచ్చారు కదా అని. ఆ మచ్చలు స్థిరపడడానికి ఆరు నుంచి పన్నెండు గంటలు పడుతుంది, కాబట్టి అతని వాదన మరీ తీసిపారేసేదేమీ కాదు. మెడ దగ్గర తేలాలి. మెడని చివర కోయాలి. ముందు తల, ఛాతీ తెరిచి నెత్తురు దిగిపోనిస్తేనే లోపల కనిపించే గడ్డ దెబ్బదో, మన కత్తిదో తెలుస్తుంది. తాడు గుర్తుకి కింద, రెండు వైపులా కండరాల్లో నెత్తురు గడ్డకట్టి ఉంది. గొంతు బుడిపెలో ఉండే థైరాయిడ్ మృదులాస్థి కొమ్ము ఒకటి విరిగింది. చర్మం మీద అర్ధచంద్రాకారంలో నాలుగు గీతలు. ఆమె చెప్పిన గోళ్ళు.

అప్పుడు కూడా నేను తప్పించుకోవచ్చు. 'విసెరా రిపోర్టు వచ్చేవరకు అభిప్రాయం రిజర్వు' అని ఒక్క వాక్యం రాస్తే చాలు. పేగులూ కాలేయం ఉప్పునీళ్ళ జాడీల్లో బరంపురం ల్యాబుకి వెళతాయి, విషం లేదని ఎప్పటికో జవాబు వస్తుంది, ఈలోపు ఎన్నికలు అయిపోతాయి, మెడ సంగతి ఎవరికీ గుర్తుండదు. అబద్ధం రాయనక్కర్లేకుండానే నిజాన్ని పాతేసే పద్ధతి ఇది. పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. చివరికి చేత్తో గొంతు నులమడం వల్ల మరణం, ఆ తర్వాత వేలాడదీశారు అని చిత్తు రాశాను. దాంతో యూడీ (అసహజ మరణం) కేసు కాస్తా హత్య కేసు అయింది. మీ కథలో డాక్టరు చేసే అసలు దర్యాప్తు ఇంతే, ఇక్కడితో అయిపోతుంది. విదేశీ సీరియళ్ళలో డాక్టరు ఇంటింటికీ తిరుగుతాడు, అక్కడి వ్యవస్థలు వేరు. మనకి ముంబైలో ఉన్న కరోనర్ పద్ధతి (అనుమానాస్పద మరణాలపై విచారణకి ప్రత్యేక అధికారి ఉండడం) కూడా 1999లో పోయింది. అప్పటి నేర విచారణ చట్టం సీఆర్‌పీసీలో 174వ సెక్షను అయినా, 2024 జూలై 1 నుంచి దాని చోట వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 194 అయినా, పంచనామా, సాక్షులు, స్థలం అన్నీ పోలీసులవి.

నేను అక్కడ ఆగలేదు. కడుపులో అన్నం, వేటమాంసం పెద్దగా అరగకుండా ఉన్నాయి. ముందురోజు మధ్యాహ్నం ఎవరింట్లో ఓటు విందు? తెలుసుకోవాలని ప్రాణం లాగింది. సాయంత్రం ఆ ఊరి టీ కొట్టుకి వెళ్ళాను. బీపీ మాత్రలు వేసుకుంటున్నావా అని కొట్టువాడితో మొదలుపెట్టి మెల్లగా అసలు సంగతి రాబట్టాను. విందు ఎవరిచ్చారో, ఎన్నింటికి అయిందో చెప్పాడు. ఆ మాట స్టేషనులో చెప్పేశాను. మర్నాడు రిపోర్టు సాపు రాసినప్పుడు, భోజనం చేసిన రెండు మూడు గంటల్లో మరణం అని గట్టిగా రాశాను. నిజానికి కడుపులో తిండిని బట్టి అంత కచ్చితంగా చెప్పకూడదు. భయపడిన మనిషికి అరుగుదలే ఆగిపోవచ్చు. నాకు తెలిసే రాశాను, టీ కొట్టువాడు చెప్పిన గంటకి సరిపోతోందని.

రెండేళ్ళ తర్వాత సెషన్స్ కోర్టులో డిఫెన్సు లాయరు మెడ గురించి పెద్దగా అడగలేదు. "డాక్టరు గారూ, మీరు టీ కొట్టుకి వెళ్ళింది సంతకం పెట్టకముందా, పెట్టాకా?" అన్నాడు. ముందే అన్నాను. "అయితే ఈ రెండు మూడు గంటలు శవం చెప్పిందా, టీ కొట్టువాడు చెప్పాడా?" నా దగ్గర జవాబు లేదు.

గొంతు నులిమారన్న మాట నిలిచింది, ఇద్దరికి శిక్ష పడింది. టైము సంగతి నిలవలేదు. విందు ఇచ్చినాయన దాన్ని పట్టుకునే బయటికొచ్చాడు. మీ డాక్టరుని టీ కొట్టుకి పంపాలని ఉంటే పంపండి, రిపోర్టు మీద సంతకం అయ్యాక పంపండి.