దుప్పటి కప్పితే ఐస్ ముందు కరుగుతుందా?

సెలవులిచ్చాక మీ నాలుగేళ్ల బాబు ఫ్రిజ్ తలుపు వదలడం లేదని, ఆ ఐస్‌తోనే ఏమైనా నేర్పవచ్చా అని, జలుబు చేస్తుందేమోనని అడిగారు. జలుబు వైరస్ వల్ల వస్తుందండీ, ఐస్ ముట్టుకుంటే రాదు. మాది కడప. పోయిన మే నెలలో మా పాపతో ఇదే ఆట ఆడించాను. ఎండ ముదరకముందే, నీడలో.

మా వరండాలో పరిచింది కడప బండలే. బండ మీద ఒక ఐస్ ముక్క, చెక్క పీట మీద అంతే ఉన్న ఇంకో ముక్క పెట్టి, ఏది ముందు కరుగుతుందో చెప్పమన్నాను. పాప బండ మీద కాలు పెట్టి చూసి "ఇది చల్లగా ఉంది, దీని మీద కరగదు" అంది. కాసేపటికి బండ మీది ముక్క నీరైపోయింది, పీట మీదిది ఇంకా మిగిలే ఉంది! బండ మన పాదంలోని వేడిని గబగబా లాగేస్తుంది కాబట్టి మనకు చల్లగా అనిపిస్తుంది. ఐస్ పెడితే తన వేడిని దానికీ అంతే గబగబా ఇచ్చేస్తుంది. పాపకు ఇదంతా చెప్పలేదు, "బండది పెద్ద చెయ్యి, పీట పిసినారి" అన్నాను. అది చాలింది.

మర్నాడు రెండు చిన్న టిఫిన్ డబ్బాల్లో ఐస్ గడ్డ కట్టించాం. ఒకటి గిన్నెలో ఊరికే వదిలేసి, రెండోదాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి వాళ్ల జేజి శాలువా చుట్టాం. "పాపం, దానికి ఉక్కపోస్తుంది, అదే ముందు కరుగుతుంది" అని పాప తీర్పు. నిజం చెప్పొద్దూ, మా ఆయనా అదే అన్నారు. గిన్నెలోది కరిగిపోయాక శాలువా విప్పితే లోపల గడ్డ ఇంకా గట్టిగానే ఉంది. శాలువాకు సొంత వేడి లేదు, బయటి వేడిని లోపలికి పోనివ్వదంతే. అప్పటిదాకా శాలువా పాడవుతుందని గొణుగుతున్న జేజి, తన చిన్నప్పుడు ఐసు గడ్డల్ని వరి పొట్టులో పూడ్చి గోనె సంచులు కప్పి అమ్మేవాళ్లని మొదలుపెట్టింది. పాప మధ్యాహ్నం అన్నం కూడా ఆ కథతోనే తింది.

ఒక మాట: జవాబు ముందే చెప్పేయకండి. ముందు వాడితో ఊహించి చెప్పించండి, తప్పయినా సరే. ఊహ తప్పినప్పుడే మా పాప ఎక్కువ ప్రశ్నలు అడిగింది.

నీళ్లు గడ్డకడితే సుమారు 9 శాతం పెరుగుతాయి. ప్లాస్టిక్ డబ్బాను అంచుదాకా నింపి మూత వదులుగా పెట్టి ఫ్రీజర్లో ఉంచితే పొద్దునకు మూత లేచి ఉంటుంది. గాజు సీసా వద్దు, మా ఇంట్లో ఒకటి పగిలి రోజంతా పెంకులు ఏరాను.

తడి ఐస్ మీద దారం పెట్టి, ఉప్పు చల్లి, రెండు నిమిషాలాగి లేపితే ముక్క దారానికి అతుక్కుని వస్తుంది. ఉప్పు వల్ల పైన కాస్త కరిగి, మళ్లీ దారం చుట్టూ గడ్డకడుతుంది. కుల్ఫీ బండివాళ్లు ఐస్‌లో ఉప్పు కలిపేదీ చల్లదనం ఇంకా పెరగాలనే. అందుకే ఉప్పు కలిసిన ఐస్‌ను పిల్లల చేతికి ఇవ్వకండి, చర్మం దెబ్బతింటుంది. ఫ్రీజర్లోంచి తీసిన వెంటనే కూడా ఇవ్వొద్దు, వేళ్లకు అతుక్కుంటుంది. చిన్న ముక్కలు నోట్లో వేసుకుంటే గొంతులో అడ్డుపడతాయి, పక్కనే కూర్చోండి.

కరిగిన నీళ్లు కుండీలకు పోయొచ్చు. ఉప్పు నీళ్లు మాత్రం మల్లెచెట్టుకు పోయకండి. నేను పోశాను.