నాయనమ్మ గురించి ఏమని రాయను?

ప్రశ్న: మా నాయనమ్మ పోయి వచ్చే నెలకు ఏడాది. సంవత్సరీకానికి వచ్చే బంధువులకు ఇవ్వడానికి ఆమె గురించి ఒక పేజీ రాయమన్నారు నాన్నగారు. ‘దయామయి, త్యాగమూర్తి’ అని రాసి ఆగిపోయాను. ఎలా రాయాలి?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఆ రెండు మాటలూ కొట్టేయండి అమ్మా. అవి ఎవరి నాయనమ్మకైనా సరిపోతాయి.

మా అమ్మమ్మది విజయవాడ సత్యనారాయణపురం. ఏటా ఏడు జాడీల ఆవకాయ పెట్టేది. ఇంటికి ఉంచుకునేది రెండే. నాలుగు కూతుళ్లకూ కోడళ్లకూ, ఒకటి పాలు పోసే ఆమెకు. వాసెన కట్టిన గుడ్డ రంగును బట్టి ఏది ఎవరిదో మాకు తెలిసిపోయేది. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు, రెండు నేత చీరలు ఉంచుకుని మిగతావన్నీ మూటగట్టి పంపేసింది. సంక్రాంతికి పట్టుచీర తెస్తానన్న తాతయ్యతో, ‘ఆ డబ్బుతో దుప్పట్లు కొనండి, అక్కడ చలికి వణుకుతున్నారు’ అందట. ఇది రాస్తుంటే ఇప్పటికీ నా గొంతు పూడుకుపోతోంది.

మీ పెద్దత్తయ్యను అడగండి, ఇంట్లో పనిచేసిన ఆమెను తప్పకుండా అడగండి. నాయనమ్మ ఎవరికి రహస్యంగా ఫీజు కట్టింది, ఎవరిని ఏమని పిలిచేది, దేనికి కోపగించుకునేది? కోపాన్ని దాచకండి, అదీ ఆమెదే. ఆమె మాటను ఆమె పలికినట్టే రాయండి. పేజీ దాటితే దాటనివ్వండి, నాన్నగారు ఏమీ అనరు.