గాల్‌బ్లాడర్ తీసేశాక పసరు వాంతులు

ప్రశ్న: నా వయసు 46. రాళ్లున్నాయని ఎనిమిది నెలల కిందట గాల్‌బ్లాడర్ తీసేశారు. అప్పటినుంచి పరగడుపున పొట్ట పైభాగంలో మంట, నోరు చేదు, అప్పుడప్పుడు పసరు వాంతి. రోజూ పాంటోప్రజోల్ 40 వేసుకుంటున్నా తగ్గడం లేదు. ఎండోస్కోపీలో ‘జీర్ణాశయంలో పైత్యరసం’ అని రాశారు. ఆపరేషన్ వల్లేనా?
- ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: కొంతవరకు అవును. కాలేయం రోజుకు అర లీటరు నుంచి లీటరు దాకా పసరు (పైత్యరసం) తయారుచేస్తుంది. గాల్‌బ్లాడర్ (పిత్తాశయం) అనే తిత్తిలో పట్టేది 30-50 మి.లీ. మాత్రమే అయినా, నీటిని పీల్చి పసరును చిక్కబరిచి దాచుకుంటుంది. కొవ్వు పదార్థం తిన్నప్పుడు చిన్నపేగులోకి వదులుతుంది. ఆ తిత్తి లేకపోతే పసరు రాత్రింబవళ్లూ కారుతూనే ఉంటుంది. జీర్ణాశయం చివర ఉండే పైలోరస్ కవాటం సరిగా మూసుకోకపోతే, పేగులో చేరిన పసరు వెనక్కి ఎక్కుతుంది. తిత్తి తీయించుకున్న చాలామందికి ఏ బాధా ఉండదు.

పాంటోప్రజోల్ ఆమ్లాన్ని తగ్గిస్తుంది గానీ పసరును ఆపదు. కాబట్టి మీ అంతట మీరు మోతాదు పెంచుకోవద్దు.

రిపోర్టులో ఆ ఒక్క మాట చూసి కంగారు పడకండి. గొట్టం వేసేటప్పుడు ఓకరిస్తే ఎవరికైనా పసరు పైకొస్తుంది. జీర్ణాశయం లోపలి పొర ఎర్రబడిందా, బయాప్సీలో (చిన్న ముక్క తీసి చేసే పరీక్షలో) ఏముంది, హెచ్.పైలోరి అనే బ్యాక్టీరియా ఉందా అన్నవి చూడాలి. అన్నిటికన్నా ముందు పసరు నాళంలో రాయి మిగిలిపోలేదని తేలాలి. అందుకు లివర్ ఫంక్షన్ పరీక్ష, అల్ట్రాసౌండ్, అనుమానం ఉంటే ఎంఆర్‌సీపీ (పసరు నాళాలను చూపే ఎంఆర్ఐ స్కాన్) చేస్తారు.

మందుల్లో సుక్రాల్‌ఫేట్ పొరకు పూతలా పనిచేస్తుంది. మామూలుగా 1 గ్రాము చొప్పున రోజుకు 4 సార్లు, భోజనానికి గంట ముందు, పడుకునేటప్పుడు ఇస్తారు. మిగతా మాత్రలకు కనీసం 2 గంటల ఎడం ఉండాలి, లేదంటే అవి ఒంటబట్టవు. కిడ్నీ జబ్బుంటే ముందే చెప్పండి. అర్సోడియాక్సీకోలిక్ ఆమ్లం పసరు ఘాటును తగ్గిస్తుంది. జీర్ణాశయం త్వరగా ఖాళీ కావడానికి ఇటోప్రైడ్ లాంటివి రాస్తారు. ఏది ఎవరికి అన్నది మీ గ్యాస్ట్రోఎంటరాలజిస్టే తేల్చాలి.

రాత్రి భోజనం పడుకోవడానికి 3 గంటల ముందే ముగించండి. వేపుళ్లు, బిర్యానీ రాత్రిపూట వద్దు. పసరు గొంతుదాకా వస్తుంటే తలవైపు మంచం కోళ్ల కింద 6 అంగుళాల దిమ్మలు పెట్టండి. దిండ్లు పేరిస్తే మెడ మాత్రమే లేస్తుంది, పొట్ట నొక్కుకుపోతుంది.

తిన్న వెంటనే నీళ్ల విరేచనాలు అవుతుంటే అదీ డాక్టరుకు చెప్పండి, దానికి మందు వేరు. కళ్లు పచ్చబడినా, చలిజ్వరం వచ్చినా, మలం తారులా నల్లగా అయినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.